పసిపిల్లగా ఉన్నప్పుడే బాప్తిస్మం అయింది, ఇప్పుడు మళ్లీ మునగాలంటున్నారు

అమ్మా, చదివేవాళ్లకు సంగతి తెలియాలి కాబట్టి నీ ప్రశ్న ముందు నా మాటల్లో చెప్తాను. మీది తిరుపతి. మూడు తరాలుగా లూథరన్ సంఘం. నీకు మూడో నెలలోనే అయ్యగారు నెత్తి మీద నీళ్లు పోసి బాప్తిస్మం ఇచ్చారు. ఇప్పుడు కుదిరిన అబ్బాయిది పెంతెకొస్తు సంఘం. ముంచుడు బాప్తిస్మం తీసుకుంటేనే పెళ్లి జరిపిస్తానని వాళ్ల పాస్టర్ గారు పట్టుబట్టారు. ఆ మాట విన్న రోజు నుంచి మీ అవ్వ సరిగా అన్నం తినడం లేదు. ఒకటే బైబిల్ చదివేవాళ్లు ఈ ఒక్క విషయంలో ఎందుకు ఇంత పట్టుదలకు పోతారని అడిగావు. నువ్వు మళ్లీ తీసుకోవాలా వద్దా అనీ అడిగావు.

నేను పాస్టర్‌ని కాదు. చిత్తూరులో పిల్లలకు లెక్కలు చెప్పి రిటైర్ అయినవాణ్ణి. సంఘ పెద్దగా ఇరవై ఏళ్లకు పైగా ఇలాంటి పంచాయితీలు విన్నాను. అదీ కాక నాకు రెండు రకాల బాప్తిస్మాలూ అయ్యాయి.

మొదటిది గుర్తు లేదు. మా అమ్మ చెప్పేది, అయ్యగారు ఇత్తడి గిన్నెలోంచి మూడు దోసిళ్లు పోస్తే మూడోదానికి నేను ఆయన తెల్లంగీ మీద పాలు కక్కానని. రెండోది బాగా గుర్తుంది. నాకప్పుడు పంతొమ్మిదేళ్లు, స్నేహితుల వెంట ఇంకో సంఘానికి వెళ్లేవాణ్ణి. పుత్తూరు దగ్గర ఒక మామిడితోటలో రాత్రంతా మోటారు వేసి తొట్టి నింపారు. పుష్యమాసపు చలి. తెల్లవారుజామున ఐదున్నరకు తెల్లబట్టలు కట్టుకుని పదకొండు మందిమి వరసగా నిలబడ్డాం. పాస్టర్ గారు నడుము లోతు నీళ్లలో ఉన్నారు. ఎడమ చెయ్యి నా వీపుకు ఆనించి, కుడి చేత్తో నా ముక్కు మీద చేతిరుమాలు పెట్టి, "యేసు నీ పాపాల కోసం చనిపోయి లేచాడని నమ్ముతున్నావా?" అన్నారు. "నమ్ముతున్నాను" అన్నాను. వెనక్కి వాల్చి లేపారు. గట్టు మీద పాట ఎత్తుకున్నారు. నా తర్వాత దిగినాయన లావుపాటి మనిషి. ఆయన్ని వాల్చినప్పుడు ఒక మోకాలు పైకి తేలింది. గట్టు మీది పెద్దాయన ఒకరు "మోకాలు మునగలేదు పాస్టర్ గారూ" అన్నారు. మళ్లీ ముంచారు. వణుకుతూ కూడా నాకు నవ్వొచ్చింది.

ఇంటికొచ్చి చెప్తే మా నాయన కోప్పడలేదు. అన్నం కలుపుతూ కలుపుతూ ఆగి, "అయితే మొదటిసారి దేవుడిచ్చిన మాట చాల్లేదంటావా?" అన్నాడు. అంతే. ఆ రాత్రి ఇంకేమీ మాట్లాడలేదు.

నీ ప్రశ్నకు జవాబు ఆ ఒక్క మాటలోనే ఉంది. దాన్ని అర్థం చేసుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. నీళ్లు గుక్కెడా తొట్టెడా అన్నది పైకి కనిపించే గొడవ. లోపల ఉన్న పేచీ ఏమిటంటే, బాప్తిస్మంలో మాట ఇస్తున్నది ఎవరు? దేవుడు మనిషికి ఇస్తున్నాడా, మనిషి దేవుడికి ఇస్తున్నాడా?

మీ అవ్వ లెక్కలో మాట ఇస్తున్నది దేవుడు. "ఈ బిడ్డ నాది" అని ఆయన అంటున్నాడు. అది బిడ్డకు అర్థం కావాల్సిన పని లేదు. నీకు పేరు పెట్టేటప్పుడు నిన్ను అడిగి పెట్టారా? మీ సంఘానికి ఎవరి పేరు వచ్చిందో ఆ మార్టిన్ లూథర్ 1529లో రాసిన చిన్న ప్రశ్నోత్తరిలో బాప్తిస్మం పాపక్షమాపణ ఇస్తుందనే రాశాడు. ఆ పని చేసేది ఉత్త నీళ్లు కావు, నీళ్లతో కలిసిన దేవుని వాక్యం అని కూడా రాశాడు. కష్టం వచ్చినప్పుడు "నేను బాప్తిస్మం పొందినవాణ్ణి" అని తనకు తాను చెప్పుకోవాలనేవాడు. "నేను నమ్మాను" అని కాదు, గమనించు. తన నమ్మకం రోజుకో రకంగా ఉంటుంది, దేవుడి మాట మారదు అని ఆయన ధైర్యం. అందుకే మీ అవ్వకు అన్నం సహించడం లేదు. నువ్వు మళ్లీ మునిగితే ఆమెకు వినపడేది "దేవుడు నాకిచ్చిన మాట చెల్లదు" అని.

కాబోయే అత్తగారి సంఘం లెక్కలో మాట ఇవ్వాల్సింది మనిషి. దేవుడు తన మాట సిలువ మీద ఇచ్చేశాడు. ఇక నువ్వు మారుమనస్సు పొంది, "నేను నీ వెంట వస్తాను" అని పదిమంది ముందు చెప్పాలి. ఆ మాటకు సాక్ష్యం నీళ్లు. మూడు నెలల బిడ్డ ఆ మాట ఎలా ఇస్తుంది? "నమ్మి బాప్తిస్మము పొందినవాడు రక్షింపబడును" అని మార్కు సువార్త చివర ఉంది. నమ్మడం ముందు, నీళ్లు తర్వాత. పెంతెకొస్తు పండుగ నాడు పేతురు చెప్పిందీ ఆ వరసలోనే. కాబట్టి నీకు చిన్నప్పుడు జరిగినదాన్ని వాళ్లు బాప్తిస్మంగా లెక్కపెట్టరు. బిడ్డను ఆశీర్వదించారు, మంచిదే, కానీ అది వేరు అంటారు. మనం "మళ్లీ" అంటున్నాం చూడు, ఆ "మళ్లీ" అన్న మాటనే వాళ్లు ఒప్పుకోరు. వాళ్ల లెక్కలో నీకిది మొదటిది.

ఈ రెండు లెక్కలకూ బైబిల్లో ఆధారాలున్నాయి. ఫిలిప్పీ చెరసాల నాయకుడి కథ నీకు తెలుసు కదా, అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయం. ఆ రాత్రే "అతడును అతని ఇంటివారందరును" బాప్తిస్మం పొందారు. అందరూ అంటే చంటిపిల్లలు కూడా అని మనవాళ్లు. ఆ తర్వాతి వచనంలో ఇంటివారంతా నమ్మి సంతోషించినట్టుంది కదా, చంటిపిల్లలు నమ్మారా అని వాళ్లు. ఆ ఇంట్లో ఉయ్యాల ఉందని రాయలేదు, లేదనీ రాయలేదు. ఈ ఒక్క వాక్యం మీద రెండు గంటలు వాదించుకున్న మీటింగులో నేను టీలు అందించాను.

నా మట్టుకు నాకు అనిపించేది ఒకటుంది. కొత్త నిబంధనలో ఉన్నవాళ్లందరూ మొదటి తరం. యూదులుగానో అన్యులుగానో పుట్టి, పెద్దయ్యాక యేసు వైపు వచ్చినవాళ్లు. వాళ్లకు పుట్టిన పిల్లల సంగతేంటి అన్న ప్రశ్నకు అందులో సూటి జవాబు లేదు. మన ప్రాంతంలో కూడా మొదటి తరం వాళ్లకు, ఏ మిషన్ అయినా సరే, పెద్దయ్యాకే బాప్తిస్మం ఇచ్చారు. గొడవంతా రెండో తరంతో మొదలవుతుంది.

అది చాలా తొందరగానే మొదలైంది. సుమారు 200వ సంవత్సరంలో ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజులో తెర్తుల్లియన్ అనే క్రైస్తవ రచయిత, పిల్లలకు ఎందుకంత తొందర, పెరిగి తెలుసుకున్నాక ఇవ్వండి అని రాశాడు. మన వైపువాళ్లు దీన్ని చూపించి "చూశారా, అప్పటికే పిల్లలకు ఇస్తున్నారు" అంటారు. అవతలివాళ్లు అదే కాగితం చూపించి "చూశారా, అప్పుడే వద్దన్నారు" అంటారు. ఇంకో యాభై ఏళ్లకు అదే ఊళ్లో సిప్రియన్ అనే బిషప్, సున్నతికి ఆగినట్టు ఎనిమిదో రోజు దాకా కూడా ఆగక్కర్లేదు, పుట్టగానే ఇవ్వొచ్చు అని తీర్మానం చేయించాడు. ఇంకోపక్క రోమా చక్రవర్తి కాన్‌స్టంటైన్ 337లో చావుబతుకుల మీద ఉన్నప్పుడు గానీ బాప్తిస్మం తీసుకోలేదు. బాప్తిస్మం పాత పాపాలన్నీ కడిగేస్తుందంటే, ఆలస్యంగా తీసుకుంటే ఎక్కువ కడుగుతుంది కదా అన్న లెక్క ఆ రోజుల్లో చాలామందిది. లెక్కల మేష్టరుగా ఆ తెలివిని మెచ్చుకోకుండా ఉండలేను.

నీళ్ల కొలతకు వద్దాం. గ్రీకులో ఆ మాటకు ముంచడం అనే అర్థం బలంగా ఉంది. కాదనకూడదు. యేసు యొర్దాను నదిలో దిగి ఎక్కిన దృశ్యం, రోమా పత్రిక ఆరో అధ్యాయంలో "పాతిపెట్టబడితిమి" అన్న పోలిక, ఇవన్నీ మునగడానికే దగ్గరగా ఉంటాయి. అయితే యూదులు భోజనానికి ముందు కడుక్కోవడానికీ అదే మాట వాడారు. తెలుగు బైబిల్లో దాన్ని అనువదించకుండా "బాప్తిస్మము" అని గ్రీకు మాటనే ఉంచేశారు. అలా ఉంచడం అన్ని సంఘాలకూ మేలైంది, ఎవరి అర్థం వాళ్లు పోసుకోవచ్చు. బెంగాలీలో బాప్టిస్టు మిషనరీలు ఆ మాటను "ముంచడం" అనే తర్జుమా చేస్తే, అచ్చువెయ్యడానికి డబ్బివ్వం అని లండన్ బైబిల్ సొసైటీ 1830లలో మొండికేసింది. ఒక్క క్రియాపదం మీద.

అపొస్తలుల తరం దాటీ దాటకముందే రాసిన "దిదకే" అనే చిన్న గ్రంథం ఉంది. దాని రాతప్రతి 1873లో కాన్‌స్టాంటినోపుల్లో దొరికింది. అందులో చెప్పిన పద్ధతి ఇది: పారే నీళ్లలో ఇవ్వండి. పారే నీళ్లు లేకపోతే వేరే నీళ్లలో. చన్నీళ్లు కుదరకపోతే వేడినీళ్లలో. ఏవీ సరిపడా లేకపోతే తల మీద మూడుసార్లు పొయ్యండి. ఏప్రిల్‌లో స్వర్ణముఖి ఇసుకను చూసినవాళ్లెవరైనా అది మన రాయలసీమ కోసమే రాశారనుకుంటారు.

చాలామందికి తెలియని ఇంకో సంగతి. ఎంత నీళ్లు అన్న గొడవా, ఎప్పుడివ్వాలి అన్న గొడవా రెండూ ఒకటి కావు. 1525 జనవరి 21న స్విట్జర్లాండ్‌లోని జూరిక్ పట్నంలో ఒక ఇంట్లో కాన్రాడ్ గ్రెబెల్ అనే యువకుడు జార్జ్ బ్లౌరాక్‌కు బాప్తిస్మం ఇచ్చాడు. ఇద్దరికీ పసితనంలోనే అయిపోయింది. "నమ్మినవాళ్లకే బాప్తిస్మం" అన్న ఉద్యమం అక్కడ మొదలైంది. శత్రువులు వాళ్లకు "మళ్లీ బాప్తిస్మం ఇచ్చేవాళ్లు" అని పేరు పెట్టారు. కానీ ఆ రోజు ఎవర్నీ ముంచలేదు, నీళ్లు పోశారు. ఇక ఆ సమావేశం జరిగిన ఇంటి మనిషి ఫెలిక్స్ మాంజ్‌ను 1527 జనవరిలో ఊరి అధికారులు లిమ్మత్ నదిలో ముంచి చంపారు. మళ్లీ బాప్తిస్మం అన్నావు కదా, తీసుకో నీళ్లు అన్నట్టు. చంపించిన నగరసభ వాళ్లూ బైబిల్ పట్టుకున్న సంస్కరణవాదులే. మన వాట్సాప్ గొడవలు చూసి కంగారు పడేవాళ్లకు నేను ఈ కథ చెప్తుంటాను. పూర్తిగా ముంచాలన్నది లండన్ బాప్టిస్టులు 1644 నాటి విశ్వాస ప్రకటనలో రాసుకున్నాకే వాళ్లలో గట్టిపడింది.

మరి మీ ఇంట్లో ఆ పద్ధతీ వాళ్లింట్లో ఈ పద్ధతీ ఎలా వచ్చాయి? మీ ముత్తాత అన్ని వాదాలూ విని తేల్చుకున్నాడనుకుంటున్నావా? తిరుపతి, కాళహస్తి వైపు 1865 నుంచి వచ్చింది జర్మనీలోని హెర్మన్స్‌బర్గ్ మిషన్, లూథరన్లు. మా చిత్తూరు, మదనపల్లె వైపు వచ్చింది ఆర్కాటు మిషన్. అది అమెరికాలోని రిఫార్మ్‌డ్ చర్చిది, స్కడ్డర్ కుటుంబం 1853లో మొదలుపెట్టింది. వాళ్లూ పిల్లలకు ఇచ్చారు గానీ కారణం వేరే చెప్పారు. అబ్రాహాము సంతానానికి సున్నతి ఎలాగో మనకు బాప్తిస్మం అలాగ, దేవుడి నిబంధనలో బిడ్డకూ వాటా ఉందని. పైకి గిన్నె ఒకటే, లోపలి లెక్క వేరు. పక్కనే నెల్లూరులో 1840 నుంచి అమెరికన్ బాప్టిస్టులు. వాళ్లు నమ్మినవాళ్లనే ముంచారు. మిషన్లు ఒకరి ఇలాకాలోకి ఒకరు పోకూడదని సర్దుబాటు చేసుకునేవి. అంటే మీ ముత్తాత ఓ యాభై మైళ్లు ఉత్తరాన పుట్టి ఉంటే, ఈరోజు మీ అవ్వ పసిపిల్లల బాప్తిస్మం తప్పని వాదిస్తూ ఉండేదేమో.

ఆ బాప్టిస్టుల గురించి ఒక్క మాట. 1876–78 కరువులో ఒంగోలులో ఉన్న జాన్ క్లౌ అనే మిషనరీ, కూటి కోసం వచ్చారన్న మాట రాకూడదని కరువు పనులు నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు. తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మందికి ఇచ్చారు. ఆరుగురు తెలుగు బోధకులు, ఒక్కోసారి ఇద్దరు చొప్పున నీళ్లలో నిలబడి ముంచారు. మునిగినవాళ్లలో ఎక్కువమంది మాదిగపల్లెల వాళ్లు. ఊరి బావి తాకనివ్వని మనిషిని చెయ్యి పట్టుకుని ఏట్లో దించి లేపడం అంటే ఏమిటో గిన్నె నీళ్ల లెక్కలో చెప్పడం కష్టం. ఈ విషయంలో నేను ముంచే పక్షమే. ఊరు చూస్తుండగా మునిగినవాడికి వెనక్కి దారి ఉండదు.

ఆ "వెనక్కి దారి ఉండదు" అన్నది మన దగ్గర కాగితాల్లో కూడా ఉంది, దీని గురించి చర్చిలో ఎవరూ గట్టిగా మాట్లాడరు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడికి ఎస్సీ హోదా ఉండదు. మన రాష్ట్రంలో బీసీ-సీ కిందికి వస్తాడు. అందుకే ఏళ్ల తరబడి ప్రతి ఆదివారం వచ్చి, కానుక వేసి, పాటలు పాడి, బాప్తిస్మం మాట ఎత్తగానే తల దించుకునేవాళ్లు ప్రతి సంఘంలో ఉంటారు. 2024 నవంబరులో సుప్రీంకోర్టు పుదుచ్చేరికి చెందిన ఒక మహిళ కేసులో ఎస్సీ సర్టిఫికెట్ ఇవ్వనక్కర్లేదని చెప్పింది. కోర్టు పరిగణించిన వాటిలో ఆమెకు పసితనంలో జరిగిన బాప్తిస్మం కూడా ఉంది. ఆమె నోరు తెరిచి ఏ మాటా ఇవ్వని వయసులో జరిగింది, అయినా లెక్కలోకి వచ్చింది. వేదాంతులు తేల్చలేనిదాన్ని సర్కారు తన పద్ధతిలో తేల్చేసింది.

మిగతా తేడాలు గబగబా చెప్పేస్తాను. కథోలికులు జ్ఞానస్నానం అంటారు, జన్మపాపం కడుగుతుందని నమ్ముతారు. బిడ్డ ప్రాణం మీదికొస్తే నర్సమ్మైనా ఇవ్వొచ్చు, ఆమె క్రైస్తవురాలు కాకపోయినా సరే. ముంచే సంఘాలన్నీ కూడా ఒక్కమాట మీద లేవు. కొందరికి అది రక్షణ పొందాక ఇచ్చే సాక్ష్యం, కొందరికి అది లేకుండా పాపక్షమాపణే లేదు. త్రిత్వం పేరున, అంటే తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ పేరున ఇవ్వాలని కొందరు, యేసు నామంలో మాత్రమే ఇవ్వాలని కొందరు. ఈ రెండోదాని మీద అమెరికా పెంతెకొస్తులు 1916లో చీలిపోయారు. పెంతెకొస్తులకు నీటి బాప్తిస్మం కాక ఆత్మ బాప్తిస్మం వేరే ఉంటుంది. సాల్వేషన్ ఆర్మీ వాళ్లయితే అసలు నీళ్లే వద్దన్నారు. వాళ్ల ఇంట్లో ఈ టెన్షన్ లేదు.

ఇక నీ సంగతి. ఇది నా అభిప్రాయం, శాసనం కాదు.

పెళ్లి కోసం మునగొద్దు. నువ్వు ఇవ్వాల్సిన మాట నీ లోపల లేకుండా, హాలు బుక్ అయిందని తొట్టిలో దిగితే, ముంచే సంఘం సిద్ధాంతం ప్రకారమే అది బాప్తిస్మం కాదు. ఈ మాట ఆ పాస్టర్ గారికి మర్యాదగా చెప్పి చూడు. నిజాయితీ ఉన్న మనిషైతే ఒప్పుకుంటారు. చట్టం వైపు నుంచి నీకు ఏ ఇబ్బందీ లేదు. 1872 క్రైస్తవ వివాహ చట్టానికి మీరిద్దరూ క్రైస్తవులైతే చాలు, ఎంత నీళ్లలో అని అడగదు. మీ అయ్యగారి చేత చేయించుకోవచ్చు.

నిజంగానే నీ మనసు అటు లాగుతుంటే అది వేరే సంగతి. అప్పుడు పెళ్లికి ముడిపెట్టకుండా, పెళ్లయి ఒక ఏడాది గడిచాక తీరిగ్గా నిర్ణయించుకో. ముందు మీ అవ్వ దగ్గర కూర్చుని, "నువ్వు నాకు చేయించింది అబద్ధమని నేను అనడం లేదు" అని చెప్పు. నేను మా నాయనకు ఆ మాట చెప్పలేదు. ఆయన పోయాక తట్టింది. అటు లాగకపోతే, నువ్వు పెరిగాక నీ విశ్వాసం నువ్వే ఒప్పుకునే కన్ఫర్మేషన్ తీసుకున్నప్పుడు పదిమంది ముందు నీ నోటితో ఇచ్చిన మాట ఒకటుంది కదా. చాలామంది పెంతెకొస్తు స్నేహితులకు ఈ పద్ధతి ఉందనే తెలియదు. అబ్బాయికి వివరించు. 1970లో ఏర్పడిన ఉత్తర భారత సంఘంలో బాప్టిస్టులూ ఆంగ్లికన్లూ రెండు పద్ధతులనూ పక్కపక్కనే ఉంచుకుని ఒకే సంఘంగా నడుస్తున్నారు. కుదరని పనేమీ కాదు.

పెళ్లి తర్వాత పుట్టే పిల్లల సంగతి ఇప్పుడే మాట్లాడుకోండి. గిన్నె దగ్గరికా, పద్దెనిమిదేళ్లు ఆగి తొట్టి దగ్గరికా? మా అమ్మాయి ఇంట్లో పెద్దవాడికి పసితనంలో అయింది, చిన్నదానికి ఆగుతున్నారు. ఇద్దరూ సండే స్కూలుకు బాగానే వెళ్తున్నారు.

ఇంకొక్కటి, దీన్ని మాత్రం మర్చిపోకుండా అడుగు. మా మామగారు చనిపోయినప్పుడు, ఆయన మునగలేదన్న ఒక్క కారణంతో ఒక సంఘం వాళ్లు సమాధుల తోటలో చోటివ్వలేదు. సాయంత్రం దాకా పెట్టె వరండాలో పెట్టుకుని ఫోన్లు చేశాం. అందుకే చెప్తున్నాను. ఆ పాస్టర్ గారిని నీ గురించి అడగడం తర్వాత, ముందు మీ అవ్వ గురించి అడుగు. పెళ్లయ్యాక ఒక ఆదివారం ఆమె మీ ఇంటికొచ్చి మీతోపాటు వాళ్ల ఆరాధనకు వస్తే, ప్రభు భోజనపు రొట్టె ఆమె చేతికి ఇస్తారా, ఆమెను దాటి పక్క మనిషికి ఇస్తారా? ఆయన ఏమన్నారో విని ఇక్కడ రాయి.